తలుపు లోపలి వైపు

హీరోగారి కారు వచ్చి గుమ్మం ముందు ఆగుతుంది. దుమ్ము లేస్తుంది. తలుపు తెరుచుకుంటుంది. ముందు బూటుకాలు కింద పడుతుంది. అంతే! హాలు హాలంతా ఈలలు, కాగితం ముక్కలు, వెనక వరసలోంచి ఎవడిదో ఓ పొలికేక. మీరూ ఈల వేసే వుంటారు. నేనూ వేశాను, బుకాయించడమెందుకు?

ఇప్పుడో ప్రశ్న. ఆ షాటులో తెరని సగానికి పైగా ఆక్రమించుకున్నది ఏవిటి? బూటా? కాదు. బూటు ఓ మూల వుంటుంది. మిగతా చోటంతా తలుపు లోపలి వైపుదే! అట్టకి రెగ్జిన్ తొడిగి, దాని మీద అద్దం దించే హ్యాండిలూ, మోచెయ్యి ఆనించుకునే దిమ్మా బిగించి వుంటాయే, అది. సీట్లు కుట్టే షాపుల్లో దాన్ని ‘డోర్ ప్యాడ్’ అంటారు. ఇంత పెద్ద పాత్రకి టైటిల్సులో పేరుండదు, పారితోషికం అసలే లేదు.

1970ల కథ అని చెప్పి తీసిన సినిమాల్లో కారు బయటంతా తళతళలాడుతూ వుంటుంది. బంపరు మీద నికెలు పూత, పాత నంబరు ప్లేటు, అన్నీ సరిగ్గానే వుంటాయి. తలుపు తెరవగానే లోపల నిన్నగాక మొన్న వచ్చిన గళ్ల కుట్టు, నల్ల ప్లాస్టిక్కు, కరెంటు అద్దాల మీటలు! ఏ సినిమాల్లో అని అడక్కండి. ఈ పేజీ వచ్చేవారం కూడా రావాలి కదా.

పూర్వం ఈ బాధ లేదు. స్టూడియో ఫ్లోరులో కారుని కదలకుండా నిలబెట్టి, వెనక తెర మీద రోడ్డు బొమ్మ వేసి, ఇద్దరు కుర్రాళ్లు బంపరు పట్టుకుని వూపుతుంటే లోపల హీరో స్టీరింగు తిప్పుతూ పాట పాడేవాడు. కెమేరా ముందునుంచి చూసేది కాబట్టి తలుపు లోపలి వైపు ఎలా వుందో ఎవరికీ అక్కర్లేదు. ఇప్పటి కెమేరా ఎక్కడికైనా దూరుతుంది. మా కారు తలుపులోకీ దూరింది. ఈవారం ఆ గొడవే చెబుతాను.

మాది అంబాసిడర్. మార్క్-3, 1977 మోడలు. నాన్నగారు దాన్ని 1983లో ఓ కాంట్రాక్టరు దగ్గర కొన్నారు. అంబాసిడరు కథ మీకు తెలిసిందే. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 ని పట్టుకొచ్చి, హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1957లో తయారుచేయడం మొదలెట్టారు. 2014 మే నెలలో ఆ ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది. అంటే మీలో కొంతమంది దాన్ని రోడ్డు మీదకంటే తెర మీదే ఎక్కువ చూసి వుంటారు. అంచేతే పాతకాలం కథ తీసేవాళ్లకి ఇప్పుడు మావంటివాళ్లం గుర్తొస్తున్నాం.

నాన్నగారికి 84 ఏళ్లు. నాలుగేళ్లుగా నడపడం మానేశారు. కానీ రోజూ పొద్దున్న పేపరు పట్టుకుని షెడ్డులోకి వెళ్లి, ముందు సీట్లో ఎడంపక్క కూర్చుని, తలుపు వేసుకుని, అద్దం సగం దించుకుని చదువుకుంటారు. ఎవరైనా పలకరిస్తే ప్రయాణంలో వున్నవాడిలా కళ్లజోడు మీదినుంచి చూస్తారు. అలాంటి కారుని షూటింగుకి ఇస్తానంటే ఒప్పుకుంటారా? నేను అడగలేదు. ఆయన గుంటూరులో మా చెల్లెలింటికి పది రోజులకని వెళ్లినప్పుడు ఓ ప్రొడక్షన్ మేనేజరు ఫోను చేశాడు. రెండు రోజులు, రోజుకి ఆరువేలు, డ్రైవరు వాళ్ల మనిషే. సరేనన్నాను. అమ్మ మాత్రం “నాకేం తెలీదురా, నన్ను అడిగితే మాత్రం నిజమే చెబుతా” అని ముందే చెప్పేసింది.

రెండో రోజు రాత్రి పదకొండింటికి కారొచ్చింది. బయట గీత కూడా పడలేదు. సంతోషించి ఎడమ తలుపు తీశానా, దిమ్మ నా చేతిలోకి వచ్చేసింది! దాంతోపాటు జానెడు అట్టముక్కా, దానికి వేలాడుతూ రెగ్జినూ. ఏమయిందంటే, బూటు కింద పెట్టేటప్పుడు కింద నుంచి కాస్త వెలుగు రావాలని దిమ్మకి ఓ చిన్న లైటు మరలతో బిగించారట. ఎవరి కాలికో వైరు తగిలింది. కుర్రాడెవరో స్క్రూడ్రైవరుతో పీకి సరిచెయ్యబోయాడు. మిగతాది మీరే వూహించుకోండి. మేనేజరు రెండువేలు నా చేతిలో పెట్టి, “పాత అట్ట కదండీ, ఎప్పుడో వూడాల్సిందే” అన్నాడు. కోపం వచ్చింది గాని, మరునాడు తెలిసింది ఆయనన్న మాటలో సగం నిజమేనని.

నాన్నగారు రావడానికి ఇంకా ఏడు రోజులుంది.

పొద్దున్నే ఆటోనగర్ పరిగెత్తాను. బెజవాడ ఆటోనగర్ గురించి తెలియనివాళ్లకి ఓ మాట. లారీ బాడీలు, ఇంజన్లు, స్ప్రింగు పట్టీలు, రేడియేటర్లు, ఒక్కో పనికి ఒక్కో వీధి. ఆ సందుల్లో ఒకచోట కుషన్ పని చేసే మేస్త్రి ఒకాయన వున్నాడు. ఇప్పుడు వచ్చే కార్లకి అచ్చుపోసిన ప్లాస్టిక్కు ప్యాడ్లు కాబట్టి ఆయనకి ఎక్కువగా లారీ క్యాబిన్ల పనే. మా తలుపు చూసి ఆయన ఏమీ అనలేదు. వేలితో అట్ట అంచుని నొక్కాడు. తడిసిన రస్కులా పొడిపొడిగా రాలింది.

విప్పడం ఓ విద్య. మా కారుకి అద్దం హ్యాండిలు చుట్టూ వుండే రింగుని లోపలికి నొక్కితే, కడ్డీలోంచి అడ్డంగా దూర్చిన సన్నటి పిన్ను కనిపిస్తుంది. దాన్ని మేకుతో చిన్నగా కొడితే హ్యాండిలు వూడి వస్తుంది. ఇది తెలియనివాడు హ్యాండిలు పట్టుకుని లాగుతాడు, అట్ట చీలుతుంది. ఆ తరవాత ప్యాడ్ చుట్టూ స్ప్రింగు క్లిప్పులుంటాయి. పలచటి రేకుని సరిగ్గా క్లిప్పు పక్కనే దూర్చి, ఒక్కొక్కటే పైకి తియ్యాలి. రెండు క్లిప్పుల మధ్యన పట్టి లేపితే గోవిందా. మేస్త్రి ఆ రేకుకి కూడా పాత గుడ్డ చుట్టాడు, తలుపు రంగు గీసుకుపోకుండా.

ప్యాడ్ వచ్చేసింది. తలుపు పొట్ట కనబడింది. నాకు వెంటనే ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’ గుర్తొచ్చింది. 1971లో విలియం ఫ్రీడ్‌కిన్ తీసిన చిత్రం, ఆస్కారు కూడా వచ్చింది. అందులో పోలీసులు ఓ లింకన్ కారుని షెడ్డులో పెట్టి సీట్లూ తలుపుల లోపలి భాగాలూ అన్నీ వూడబెరికేస్తారు. మత్తుమందు దొరకదు. కారు బరువు మాత్రం వుండాల్సినదానికంటే 120 పౌన్లు ఎక్కువ! చివరికి అది తలుపుల కింద వుండే గుమ్మం పెట్టెల్లో దొరుకుతుంది. చూడకపోతే చూడండి. ఆ షెడ్డు సీను కోసమైనా చూడొచ్చు.

మా తలుపులో మత్తుమందేం దొరకలేదు గాని, అద్దం పక్క సందులోంచి ఇన్నేళ్లలో జారిపడ్డవన్నీ దొరికాయి. అంచులు పువ్వులా వుండే అల్యూమినియం పదిపైసల బిళ్లలు మూడు, తుప్పుపట్టిన తలపిన్నులు, పెన్ను మూత, పిడికెడు గాజుముక్కలు. పదిపైసలు చెల్లకుండా పోయి చాలాకాలమైంది. 2011 జూన్‌తో పావలా దాకా వున్న చిన్న నాణేలన్నిటికీ సెలవిచ్చేశారు కదా. గాజుముక్కల్లో ఆకుపచ్చవి, ఎర్రవి, మట్టి రంగువి. అవన్నీ మేస్త్రి ఓ సీసామూతలో పోసి నాకిచ్చాడు. నేను జేబులో వేసుకుని మరిచిపోయాను.

అప్పుడే ఆయనో మాటన్నాడు. “ఇది కంపెనీ ప్యాడ్ కాదండీ.”

నాకు నచ్చలేదు. “మా నాన్నగారు కొన్నప్పటినుంచీ ఇదే వుంది” అన్నాను. ఆయన రెగ్జిన్ తిరగేసి చూపించాడు. ఆ రోజుల్లో చాలా కార్లకి కంపెనీలో ప్యాడ్ మీది గీతల్ని కుట్టేవాళ్లు కాదట, వేడితో ముద్ర వేసేవాళ్లు. మాదానికి దారం వుంది. వెనక నీళ్లు ఆగడానికి తారు కాగితం ముక్క అంటించి వుంది. “ఎవరో మాలాంటివాడి పనే” అన్నాడు. కాదన్నాను. కాంట్రాక్టరు చేయించి వుంటాడేమోనన్నాడు. అదీ కాదన్నాను. ఎందుకు కాదన్నానో నాకే తెలియదు. ఆయన వాదించలేదు. అద్దె సైకిలు షాపువాడిలా నవ్వి వూరుకున్నాడు.

సరే, అట్ట ఎందుకు చెడిందో చెప్పాలి. కారు తలుపులోకి వాననీళ్లు వెళ్తాయి. వెళ్లకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. అద్దం మీద జారే నీళ్లు రబ్బరు పట్టీని దాటి కొంత తలుపు పొట్టలోకి దిగుతాయి. అందుకనే తలుపు అడుగున సన్నటి కన్నాలుంటాయి, వాటిలోంచి రోడ్డు మీదికి కారిపోవాలి. మట్టి చేరి ఆ కన్నాలు పూడుకుపోయాయా, నీళ్లు లోపలే నిలుస్తాయి. రేకు తుప్పు పడుతుంది, ప్యాడ్‌లోని హార్డుబోర్డు నీళ్లు పీల్చి అప్పడంలా ఉబ్బుతుంది. హార్డుబోర్డంటే చెక్కని నారనారగా చేసి నొక్కిన అట్టేగా, ఎంతకని ఆగుతుంది! క్లిప్పు పట్టుకోవాల్సిన చోటే ముందు పిండి అవుతుంది. మా తలుపు కన్నాల్లో మేస్త్రి ఇనుప తీగ పెట్టి పొడిస్తే, గరిటెడు నల్లటి బురద వచ్చింది. నా కళ్లముందే వచ్చింది కాబట్టి తప్పంతా షూటింగువాళ్లదని ఇక అనలేకపోయాను. నలభై ఏళ్లలో ఒక్కసారైనా ఆ కన్నాలు చూసినవాణ్ణి కాదు నేను.

కొత్త అట్టకి కొలత ఎక్కడినుంచి? పాతది ముక్కలైంది, మిగిలినదేమో ఉబ్బిపోయి అసలు సైజులో లేదు. మేస్త్రి కుడి తలుపు ప్యాడ్ విప్పి, కొత్త బోర్డు మీద బోర్లా పెట్టాడు. కుడిదాన్ని తిరగేస్తే ఎడమది! చుట్టూ పెన్సిలు గీశాడు. కానీ క్లిప్పుల కన్నాలు మాత్రం దాన్నిబట్టి వెయ్యలేదు. తలుపు రేకుకి వుండే కన్నాల అంచులకి వేలితో గ్రీజు రాసి, ఫ్యాను డబ్బా అట్ట ఒకటి తలుపు ఆకారంలో కత్తిరించి దాని మీద గట్టిగా అదిమాడు. అట్ట మీద నల్లటి వలయాలు అచ్చుపడ్డాయి. కుడి తలుపుకీ ఎడమ తలుపుకీ కన్నాలు ఒక్కచోట వుంటాయని నమ్మకూడదట. చూస్తే నిజంగానే రెండుచోట్ల కాస్త తేడా వుంది.

ఈలోగా మా మేనల్లుడు దిగాడు. వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. ఫోనులో అమెరికావాళ్ల కార్ల వీడియోలు చూస్తుంటాడు. “మావయ్యా, ఎలాగూ కొత్తది చేయిస్తున్నావు కదా, ఎర్ర రెగ్జిన్ వేసి గళ్ల కుట్టు పెట్టించు, లోపల అంగుళం స్పాంజి. అదిరిపోతుంది” అని ఫోను చూపించాడు. నిజం చెప్పాలంటే బావుంది. మెత్తగా, పరుపులా, మహారాజు పల్లకీలా వుంది. నేను వద్దన్నాను, పాతది పాతలాగే వుండాలన్నాను. వాడు “పాతదెవరు చూశారు, అదీ కంపెనీది కాదటగా” అన్నాడు. మేస్త్రి చెప్పేశాడన్నమాట!

తగువు తీర్చింది నేనూ కాదు, వాడూ కాదు. అద్దం కడ్డీ తీర్చింది. తలుపు రేకులోంచి ఆ కడ్డీ బయటికి వచ్చేది కొద్దిగానే. దాని మీద 3 మిల్లీమీటర్ల బోర్డు, 3 మిల్లీమీటర్ల స్పాంజి, పైన రెగ్జిన్, అప్పుడు రింగు, ఆపైన హ్యాండిలు. ఇవన్నీ పోగా పిన్ను దూరేంత కడ్డీ మిగలాలి. అంగుళం స్పాంజి వేస్తే మిగలదు. హ్యాండిలు చుట్టూ స్పాంజి కోసేస్తే పెట్టొచ్చు, మేస్త్రి చేస్తాననే అన్నాడు. కాని అప్పుడు హ్యాండిలు గుంటలో కూర్చుంటుంది, అద్దం దించినప్పుడల్లా వేళ్ల కణుపులు రెగ్జిన్‌కి రాసుకుంటాయి. మావాడు స్కేలు పెట్టి కొలిచి, ఓ నిమిషం ఆలోచించి, “మరి కరెంటు అద్దాలు...” అన్నాడు. ఇద్దరం వాడివైపు చూశాం. వూరుకున్నాడు.

రంగు దగ్గర ఇంకో చిక్కు. మా ప్యాడ్ బిస్కెట్ రంగు అని నేను ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. దిమ్మ విప్పాక దాని కింద ఎండ తగలని చోట చూస్తే ముదురు గోధుమ రంగు! మేస్త్రి మూడు నమూనాలు తెచ్చి ఆ మచ్చ పక్కన పెట్టాడు. వెలిసిన రంగు తీసుకోవాలా, అసలు రంగా? అసలు రంగే అన్నాను. అలా అయితే ఒక్క తలుపుకి వేస్తే రెండోది వెలవెలపోతుంది కాబట్టి ముందు తలుపులు రెండూ చెయ్యాలి. ఖర్చు రెట్టింపు. మేనేజరు ఇచ్చిన రెండువేలూ రెగ్జిన్‌కీ బోర్డుకీ సరిపోయాయి. కుట్టుకూలీ, దిమ్మలు, క్లిప్పులు నా జేబులోంచి. మొత్తం ఏడువేల చిల్లర. నాకొచ్చిన అద్దెలో సగం పైన పోయిందన్నమాట.

కోసిన బోర్డుకి ఆయన రెండు పక్కలా వార్నిషు వేశాడు. ముఖ్యంగా అంచులకి. నీళ్లు ముందు అంచులోంచే ఎక్కుతాయిట. ఆరడానికి ఒక రోజు. ఆ రోజే కుట్టుపని. రెగ్జిన్ కింద పలచటి స్పాంజి, దాని కింద గుడ్డ, మూడూ కలిపి నిలువు గీతలు. సుద్దతో గీసుకుని, పెద్ద మిషను మీద పైనుంచి కిందికి ఒక్క ఊపున. మధ్యలో ఆపితే ఆ చోట దారం కొద్దిగా పక్కకి పోతుంది, తరవాత అది తప్ప ఇంకేం కనబడదు మనకి! ఆయన ఒక్కచోట ఆపాడు. కరెంటు పోయింది. పాతికో గీత అది. విప్పి మళ్లీ కుడతానన్నాడు గాని సూదికన్నాలు రెగ్జిన్‌లో వుండిపోతాయి కదా, వద్దన్నాను. ఆ వంకర గీత కుడి తలుపుకి పడేలా చూశాడు. నడిపేవాడు రోడ్డు చూస్తాడు గాని తలుపు చూడడని!

అతికించడానికి మధ్యాహ్నం ఎండ వచ్చేదాకా ఆగాడు. రెగ్జిన్‌ని ఎండలో పరిచి వేడెక్కనిస్తే మెత్తబడి సాగుతుంది. బోర్డుకీ రెగ్జిన్‌కీ రెండింటికీ సొల్యూషన్ పూసి, వేలు పెడితే అంటుకోనంతగా ఆరాక అప్పుడు కలపాలి. తొందరపడి తడిమీద కలిపితే లోపల బుడగలొస్తాయి. ముందు మధ్యలో నొక్కి, అక్కణ్ణించి అంచులకి తోస్తూ పోవాలి. అంచు వెనక్కి మడిచేటప్పుడు గుండ్రటి మూలల్లో గుడ్డ గుట్టలా చేరుతుంది, అక్కడ కత్తెరతో చిన్నచిన్న చీలికలు పెట్టాలి. చీలిక అంచుదాకా వస్తే పైనుంచి కనబడుతుంది, రాకపోతే ముడత. మేస్త్రి చీలిక పెట్టేటప్పుడు మాట్లాడడు. అప్పుడు ఫోను మోగినా తియ్యడు. వెనక కొట్టే పిన్నులు కూడా బోర్డు మందం కంటే పొట్టివి ఎంచుకున్నాడు. లేకపోతే ముందువైపు మొనలు పొడుచుకొస్తాయి.

దిమ్మ మిగిలింది. లోపల చెక్క, మీద రెగ్జిన్, అంచున గట్టి బీడింగు. అచ్చం పాతదానిలా చెయ్యమన్నాను. ఆ సాయంత్రం ఇంట్లో చొక్కా ఉతకడానికి వేస్తూ అమ్మ జేబులు తడిమింది. సీసామూత బయటపడింది. గాజుముక్కలు అరచేతిలో పోసుకుని చూసింది.

“ఇవెక్కడివిరా?”

చెప్పాను.

“అనుకున్నా. ఆ దిమ్మ అంచు వుంది చూశావూ, తలుపు వేసుకున్నప్పుడల్లా దానికి తగిలి చిట్లేవి. పెళ్లికెళ్తూ ఒకటి, తిరునాళ్లకెళ్తూ ఒకటి. మీ నాన్నతో చెబితే చెయ్యి నిదానంగా పెట్టమనేవారు. కారుకొన్న కొత్తలో ఆయన తప్పేమీ వుండేది కాదులే!” అని, “ఎలాగూ చేయిస్తున్నావుగా, ఆ అంచు తీయించెయ్” అంది.

నలభై ఏళ్లు ఆ కార్లో వెనక సీట్లో కూర్చున్నాను. ఒక్కసారి కూడా నాకీ సంగతి తెలియదు. అచ్చం పాతదానిలా వుండాలని ఆటోనగర్‌లో నేను చేసిన ఉపన్యాసాలన్నీ గుర్తొచ్చాయి. పొద్దున్నే వెళ్లి బీడింగు తీయించి, చెక్క అంచుని గుండ్రంగా చిత్రిక పట్టించి, మీద కాస్త స్పాంజి ఎక్కువ వేయించాను. మేస్త్రి “ఇప్పుడు పాతలాగ వుండదు మరి” అన్నాడు. వుండక్కర్లేదన్నాను.

బిగించే రోజు, ప్యాడ్ పెట్టేముందు తలుపు రేకు మీద పాలిథిన్ షీటు అంటించాడు. దాని కింది అంచుని మాత్రం తలుపు సందులోకి దూర్చాడు. షీటు మీద జారిన నీళ్లు బయటికి కాక పొట్టలోకే పోవాలని. హ్యాండిలు కన్నం చివరిదాకా కొయ్యలేదు. ప్యాడ్ కూర్చున్నాక వేలితో తడిమి కడ్డీ ఎక్కడుందో చూసి, అప్పుడు బ్లేడుతో చిన్న గుణకారం గుర్తు. నేను ఇంటికొచ్చి పదిసార్లు తలుపు తీసి వేశాను, మోచెయ్యి ఆనించి చూశాను. అమ్మ కూడా వచ్చి కూర్చుని, చెయ్యి పెట్టి, తీసి, “బావుంది” అంది. ఆవిడ సినిమాలకి కూడా అంతకంటే ఎక్కువ మార్కులు వెయ్యదు.

ఆదివారం నాన్నగారు వచ్చారు. సోమవారం పొద్దున్న పేపరు తీసుకుని షెడ్డులోకి వెళ్లారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆయనకి చూపు మందగించింది, రంగు తేడా కనిపెట్టలేరని నా ధీమా. తలుపు తీశారు. కూర్చున్నారు. తలుపు వేశారు. మళ్లీ తీశారు. మళ్లీ వేశారు.

“ఒరేయ్, ఇలా రా.”

వెళ్లాను.

“తలుపు మోత మారింది. డొల్ల మోత పోయింది. ఏం చేశావు?”

ఉబ్బిన అట్ట వదులై ఇన్నాళ్లూ తలుపుతోపాటు అదీ మోగేదన్నమాట. మనం చూపు గురించి జాగ్రత్తపడ్డాం, చెవి సంగతి మరిచిపోయాం! అంతా చెప్పేశాను. షూటింగు, అద్దె, లైటు, ఆటోనగర్, కన్నాల్లో బురద. ఆయన విన్నారు. కొత్త ప్యాడ్ మీద చెయ్యి వేసి గీతలు ఒక్కొక్కటే తడిమారు.

“పోయిందా అది? అయితే ఇది మూడోది” అన్నారు.

1990 మే తుపానులో ఆయన బందరులో ఓ పెళ్లికి వెళ్లి చిక్కుకుపోయారు. కారు రెండు రోజులు నీళ్లలో వుంది. కంపెనీ ప్యాడ్లు నాలుగూ నాని వూడిపోయాయి. తిరిగొచ్చాక ఎవరో కుర్రాడి చేత చేయించారట. ఒక్కరోజులో ఇచ్చేశాడట. నాకప్పుడు పదహారేళ్లు, హాస్టల్లో వున్నాను. ఆ సంగతి ఇంట్లో ఎవరూ నాతో అననే లేదు. “వాడు తారు కాగితం పెడతానంటే రెండు రూపాయలు ఎక్కువని వద్దన్నా. వినకుండా పెట్టాడు” అన్నారు నాన్నగారు. అద్దం సగం దించుకుని పేపరు తెరిచారు. దిమ్మ అంచు గుండ్రంగా వుందేమిటని అడిగారు. అమ్మ గాజుల సంగతి చెప్పాను. పేపరు తిప్పారు గాని జవాబు చెప్పలేదు.

ఇదంతా అయిపోయిందనుకున్నాక పదిహేను రోజులకి అదే మేనేజరు ఫోను. ఆ బూటు సీనులో ఒక్క షాటు మిగిలిపోయిందట, కారు ఓ పూట కావాలట. వెంటనే అసలు భయం బయటపెట్టాడు: “సార్, ఆ తలుపు లోపలంతా అలాగే వుంది కదా? ముందు తీసినదాంతో కలవాలి.” అలాగే లేదని చెప్పాను. అటునించి కాసేపు శబ్దం లేదు.

చివరికి వాళ్ల ఆర్టు విభాగం కుర్రాడొకడు ముందురోజే ఇంటికొచ్చాడు. తీసిన సీను ఫోటో చేతిలో పెట్టుకుని, ముల్తానీ మట్టి గుడ్డలో మూటకట్టి ప్యాడ్ మీద అద్దుతూ కూర్చున్నాడు. అమ్మాయిలు మొహానికి రాసుకునేదే. సినిమాల్లో దుమ్ము కావాలంటే అదే వాడతారు, తుడిస్తే పోతుంది. కొత్త రంగు మీద అది పడేసరికి ముదురు గోధుమ కాస్తా మళ్లీ బిస్కెట్ రంగులోకి వచ్చేసింది. మేం నలభై ఏళ్లలో చేసిన పని వాడు నలభై నిమిషాల్లో చేశాడు! దిమ్మ అంచు మాత్రం మార్చడానికి వీల్లేదన్నాను. వాడు ఫోటో చూసి, హీరో చెయ్యి అక్కడే వుంటుంది కాబట్టి పర్లేదన్నాడు. నాన్నగారు కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చుని అంతా చూశారు. ఆఖర్న ఆ కుర్రాణ్ణి, “అద్దె ఈసారి ఎంత ఇస్తున్నారు?” అని అడిగారు. రోజుకి ఏడువేలకి బేరం కుదిర్చింది ఆయనే.

ఈసారి ఆయన కూడా కార్లోనే వెళ్లారు. లైటు ఎవరూ దిమ్మకి బిగించకుండా కాపలా కాస్తానని. షాటు ఒక్క టేకులో అయిందట. సినిమా ఇంకా విడుదల కాలేదు. అయినప్పుడు చెబుతాను, బూటు చూడకండి.

అన్నట్టు, ఎడమ తలుపు కింద మూల ఒక క్లిప్పు సరిగ్గా పట్టినట్టు లేదు. బెంజి సర్కిల్ దాటాక గతుకుల్లో టకటకమంటోంది. నాకు వినబడలేదు. నాన్నగారు చెప్పారు. శనివారం మళ్లీ ఆటోనగర్ వెళ్లాలి.